జువెనైల్ హోంలో పిల్లలకి చదువు చెప్దామనుకుంటున్నారా, అయితే ఇది చదవండి

ఈ మధ్య వైజాగ్‌లో నాకు తెలిసినవాళ్ళు నలుగురైదుగురు అడిగారు, మేం కూడా జువెనైల్ హోంకి (కేసుల్లో ఉన్న మైనర్ పిల్లల్ని ఉంచే చోటు) వచ్చి పిల్లలకి చెప్తాం, ఎలా మొదలెట్టాలి అని. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా. నేనేమీ పెద్ద ఎక్స్‌పర్ట్‌ని కాదు, కంచరపాలెంలో టెన్త్ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్పుకునేవాణ్ణి, మూడేళ్ళుగా వారానికి రెండు పూటలు అక్కడికీ వెళ్తున్నా, అంతే.

ముందు పర్మిషన్ సంగతి. తిన్నగా గేటు దగ్గరకెళ్ళి సేవ చేస్తాం అంటే రానివ్వరు, రానివ్వకూడదు కూడా. జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్ళని కలిసి, హోం సూపరింటెండెంట్ పేరున లెటర్ రాయండి, ఏ సబ్జెక్టు, ఏ రోజులు, ఎన్ని నెలలు అని క్లియర్‌గా. ఆధార్, పోలీస్ వెరిఫికేషన్ అడుగుతారు, కాస్త టైం పడుతుంది, విసుక్కోకండి. లెటర్లో "నైతిక విలువలు బోధిస్తాం" అని మాత్రం రాయకండి బాబూ, నీతులు చెప్పేవాళ్ళకి అక్కడ కొదవ లేదు, భాగహారం చెప్పేవాళ్ళే లేరు.

అసలు ఇది జైలు కాదు, ఇది బుర్రలో పెట్టుకోండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండని పిల్లల్ని లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. ఎంక్వైరీ నడుస్తున్నప్పుడు ఉంచేది అబ్జర్వేషన్ హోం, జువెనైల్ జస్టిస్ బోర్డు తేల్చాక పంపేది స్పెషల్ హోం, అక్కడ మూడేళ్ళకి మించి ఉంచరు. అంటే అబ్జర్వేషన్ హోంలో మీ ముందు కూర్చున్న కుర్రాడు తప్పు చేశాడని ఎవరూ ఇంకా తేల్చలేదు. ఆ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సోషల్ వర్కర్లు ఉంటారు, తేల్చాల్సింది వాళ్ళు, మీరూ నేనూ కాదు.

కాబట్టి "ఏం కేసు నీది?" అని అడగొద్దు. నేను మొదటి రోజే అడిగేశాను, ఏదో చనువుగా ఉంటుందనుకుని. వాడు తల దించుకుని "ఏటి సార్, మీరూ అదేనా" అన్నాడు, తర్వాత రెండు వారాలు నా క్లాసులో నోరు విప్పలేదు. వాళ్ళంతట వాళ్ళు చెప్పబోయినా ఆపి, అది నీ లాయర్‌కి చెప్పుకో నాన్నా అనండి, లాయర్ లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఫ్రీగా పెడుతుంది, 15100 కి ఫోన్ చేస్తే చాలు అని వాళ్ళ అమ్మానాన్నలకి తెలిసేలా సూపరింటెండెంట్‌తో చెప్పండి. ఒక్కటి మాత్రం వేరు. ఎవరైనా కొట్టారనో, పాడుపని చేశారనో పిల్లాడు చెప్తే అది మీ కడుపులో దాచుకోవడానికి లేదు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 కి ఫోన్ చేసి చెప్పాలి, లేదా బోర్డు మెంబర్లకి చెప్పాలి, వాళ్ళు నెలకి ఒక్కసారైనా హోంకి తనిఖీకి రావాలని చట్టంలోనే ఉంది. లైంగిక వేధింపైతే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కింద పోలీసులకి చెప్పకపోవడమే నేరం. అందుకే "ఎవరికీ చెప్పను, ఒట్టు" అని ముందే మాట ఇచ్చేయకండి.

ఫోటోలు, సెల్ఫీలు, స్టేటస్‌లు వద్దే వద్దు. పిల్లల పేరు, ఊరు, స్కూలు, మొహం, ఏది బయటపెట్టినా జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద ఆరు నెలల వరకూ జైలు, 2 లక్షల వరకూ జరిమానా, లేదా రెండూ. పుట్టినరోజు కేకు ఫోటో అయినా అంతే. ఫోన్ గేటు దగ్గర ఇచ్చేసి వెళ్ళండి, గొడవుండదు.

పెన్నులు లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి. ఒక పెన్ను తగ్గిందంటే మీరు వెళ్ళాక అందరి జేబులూ వెతుకుతారు, మీ మీద పిల్లలకున్న గౌరవం అక్కడితో సరి. కంపాస్ బాక్సు తీసుకెళ్ళకండి, వృత్తం గియ్యాలంటే గ్లాసు బోర్లించి గియ్యొచ్చు. స్పైరల్ నోట్‌బుక్కులు కాకుండా దారంతో కుట్టినవి కొనండి. పేపర్ చదివిస్తే మంచిదే గానీ జిల్లా పేజీలు తీసేసి స్పోర్ట్స్ పేజీ, సినిమా పేజీ పట్టుకెళ్ళండి. ఎందుకంటే వాళ్ళ కేసో వాళ్ళ అన్న కేసో ఆ జిల్లా పేజీలోనే ఉంటుంది, పేరు వెయ్యకపోయినా వీధి పేరు చూసి మిగతావాళ్ళు పట్టేస్తారు.

ఇప్పుడు అసలు విషయం, పాఠం. బయట ట్యూషన్‌లో జూన్‌లో మొదలెట్టి మార్చికి సిలబస్ పూర్తి చేస్తాం. ఇక్కడ అది కుదరదు. ఎంక్వైరీ నాలుగు నెలల్లో అవ్వాలని రూలుంది, కానీ బెయిల్ ఏ రోజైనా రావొచ్చు, సోమవారం మీ ముందు కూర్చున్నవాడు గురువారానికి ఉండడు, వాడి ప్లేస్‌లో కొత్తవాడు ఉంటాడు. బోర్డు సిట్టింగ్ ఉన్నరోజు సగం మంది అక్కడే ఉంటారు. "నిన్న ఎక్కడ ఆపాం?" అని క్లాసు మొదలెడితే అవ్వదన్నమాట. ప్రతి క్లాసూ ఆ రోజుకి ఆ రోజే మొదలై ముగిసిపోవాలి, ఒక్క గంట కూర్చున్నవాడు కూడా ఒక్క ముక్క పట్టుకుని లేవాలి. నాకిది అర్థమవడానికి ఆరు నెలలు పట్టింది, అప్పటిదాకా చాప్టర్ల వారీగా ప్లాన్ రాసుకుని చింపుకోవడమే.

క్లాసులో పదిహేను మంది ఉంటే పదిహేను రకాలు. నైన్త్ చదివినవాడుంటాడు, బడి మొహం చూడనివాడుంటాడు, పాడేరు అరకు వైపు నుంచి వచ్చి తెలుగు సగమే అర్థమయ్యేవాడుంటాడు, ఒడిశా పిల్లలుంటారు. ముందు టెస్ట్ పెట్టకండి, పేపర్ చూడగానే "నాకు రాదు సార్" అని చేతులు కట్టుకుంటారు, ఆ మాట బడిలో వెయ్యిసార్లు అనిపించి పంపారు వాళ్ళని. బదులుగా ఏం పని చేసేవాడివి అని అడగండి. కేసు కాదు, పని. ఆటోలో, మెకానిక్ షెడ్‌లో, కేటరింగ్‌లో, హార్బర్‌లో, ఏదో ఒకటి చేసే ఉంటాడు, ఆ పనిలోనే లెక్కలుంటాయి.

హార్బర్‌లో బోటు మీదకెళ్ళిన ఒక గుంటడికి శాతాలు ఇలాగే చెప్పాను. బ్లాక్‌బోర్డు మీద ఉత్తుత్తి లెక్క వేశా: బోటు తెచ్చిన సరుకు 2 లక్షలకి పోయింది, డీజిల్, ఐసు, రేషను ఖర్చు 1,20,000, మిగిలిన 80,000 లో ఓనరుకి 60 శాతం, మిగతాది ఎనిమిది మందికి సమానం, ఒక్కొక్కడికీ ఎంత? అని. నేను 32,000 ని ఎనిమిదితో భాగించి 4,000 అని రాసేలోపు వాడు లేచి, "సమానం ఏటి సార్, సరంగుకి రెండు వాటాలు, మీ లెక్క తప్పు" అన్నాడు (సరంగు అంటే బోటు నడిపే పెద్ద). సరే నువ్వే వెయ్యి అని చాక్‌పీస్ ఇచ్చేశా. తొమ్మిది వాటాలన్నాడు, భాగించాడు, 3,555 వచ్చి ఇంకా 5 మిగిలింది, దాన్నేం చెయ్యాలో తెలీక నిలబడ్డాడు. దశాంశాలు అప్పుడు చెప్పాను, మొత్తం క్లాసు విన్నారు, ఎందుకంటే ఆ మిగిలిన డబ్బు ఎవరికెళ్తుందో అందరికీ కావాలి కదా! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం ఎన్ని రోజులో లెక్కపెట్టమన్నా అంతే, ఒకడు 60 అంటాడు, ఒకడు 61 అంటాడు, మొదటి రోజుని కలపాలా వద్దా అని అరగంట కొట్లాడుకుంటారు, అది చాలు ఆ రోజుకి.

చదవడం రానివాడికి అ ఆ ల పుస్తకం ఇవ్వొద్దు, పదహారేళ్ళవాడికి అది అవమానం. వాడి పేరు, వాళ్ళమ్మ పేరు, ఊరి పేరు, ఈ మూడింట్లో ఉన్న అక్షరాలతో మొదలెట్టండి, తర్వాత బస్సు బోర్డులు, గాజువాక, మద్దిలపాలెం, సింహాచలం. వేలిముద్ర వేసేవాడు సంతకం పెట్టడం నేర్చుకున్నరోజు చూడాలి, నోటు పుస్తకం మొత్తం సంతకాలే.

కాస్త చదువుకున్నవాళ్ళు ఉంటే టెన్త్ వదలకండి. రెగ్యులర్ స్కూల్లో పేరుంటే ఆ స్కూలుతో మాట్లాడి పరీక్ష రాయించమని ప్రొబేషన్ ఆఫీసర్ని అడగండి, మధ్యలో మానేసినవాళ్ళకి ఓపెన్ స్కూల్ ఉంది, 14 ఏళ్ళు నిండితే టెన్త్ కట్టొచ్చు. అప్లికేషన్ మీరు నింపితే సరిపోదు, వయసు కాగితాల విషయంలో మాత్రం అస్సలు వేలు పెట్టకండి, పుట్టినతేదీ వాళ్ళ కేసులో కీలకం, అది ఆఫీసు వాళ్ళే చూసుకోవాలి.

ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది, "సార్, నాకు గవర్నమెంట్ జాబ్ వస్తదా?" అని. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 24 ప్రకారం ఈ కేసు వల్ల అనర్హత ఉండదు, కానీ 16 దాటి, ఘోరమైన నేరంలో పెద్దవాళ్ళలాగా విచారణ జరిగి నేరం తేలినవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. వాడు ఏ కోవలోకొస్తాడో మీకు తెలీదు కాబట్టి తప్పకుండా వస్తుందని ఊరించకండి, రాదనీ అనకండి, లాయర్ని అడుగు అనండి.

వెళ్ళిపోయేవాడికి వాడి నోట్‌బుక్ ఇచ్చి పంపండి, మీ ఫోన్ నంబర్ ఇవ్వకండి. బయట ఎక్కడైనా కనపడితే ముందు మీరు పలకరించకూడదు, పక్కన ఎవరున్నారో, వాళ్ళకి తెలుసో లేదో. పూర్ణా మార్కెట్‌లో ఓసారి ఒకడు నన్ను చూసి మొహం అటు తిప్పేసుకున్నాడు, నేను కూడా కొత్తిమీర కట్ట పదికి ఇస్తావా అని బేరం ఆడుతూ ఉండిపోయాను.