టోపీని ఫ్రేముకు ఎక్కించడం ఎలా?

విజయవాడలో కంప్యూటర్ వర్క్, అంటే కంప్యూటర్ మిషన్‌తో చేసే ఎంబ్రాయిడరీ అనగానే జాకెట్టు చేతులూ వీపులూ గుర్తుకొస్తాయి. ముహూర్తాలు ఉన్నన్నాళ్లు మిషన్‌కు తీరిక ఉండదు. మూఢం మొదలయ్యాక ఏ కాలేజీ క్రికెట్ జట్టో, ఏ ఎరువుల దుకాణం వారో వచ్చి టోపీల మీద పేరు కుట్టిపెట్టమంటే కాదనబుద్ధి కాదు. నేనూ అలాగే 40 టోపీలు ఒప్పుకొని, మొదటి 11 పాడుచేశాను. కొన్నింట్లో అక్షరాలు ఒక పక్కకు ఒరిగాయి. రెండింటి దగ్గర సూది విరిగింది. ఒకదానిలో లోపలి పట్టీ కూడా నుదుటి గుడ్డతో కలిసి కుట్టుకుపోయింది. డిజైన్‌లో తప్పు వెతికాను, దారం మార్చాను, మిషన్‌ను తిట్టాను. తప్పు నేను టోపీని ఫ్రేముకు ఎక్కించిన తీరులో ఉంది.

జాకెట్టు ముక్కను రింగులో పెట్టి నాలుగు వైపులా లాగితే చదునవుతుంది. టోపీ అలా కాదు. ముందే కుట్టి, వంపు తిరిగి మన చేతికి వస్తుంది. దాన్ని లాగి బిగించడం కుదరదు, ఫ్రేము వంపు మీద కూర్చోబెట్టాలి. ముందుకు పొడుచుకొచ్చి నీడనిచ్చే భాగాన్ని మా షాపులో చూరు అంటాం. ఇక్కడా ఆ మాటే వాడతాను.

ముందు టోపీని చూడండి

ఆరు ముక్కల టోపీకి నుదుటి మధ్యలో నిలువు కుట్టు ఉంటుంది. మధ్య గీత వెతుక్కునే పని తప్పుతుంది గానీ, ఆ గట్టు మీద సన్నని అక్షరాలు చెదురుతాయి. ఐదు ముక్కల టోపీకి నుదురంతా ఒకటే గుడ్డ. అక్షరాలు చక్కగా పడతాయి, మధ్యభాగాన్ని మాత్రం మనమే సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. కొన్నింటికి నుదుటి వెనుక బక్రం, అంటే బిరుసు అస్తరు గుడ్డ ఉంటుంది, కొన్ని మెత్తగా ముడుచుకుపోతాయి. కొత్తవారికి ఒక మోస్తరు బక్రం ఉన్నవే మేలు. ఆర్డరు కన్నా నాలుగు టోపీలు ఎక్కువ ఇమ్మని ముందే అడగండి. అడగడానికి మొహమాటపడి, తర్వాత వన్‌టౌన్ అంతా తిరిగి అదే రంగు టోపీ కోసం వెతికిన అనుభవంతో చెబుతున్నాను.

సరంజామా

టోపీ కుట్టడానికి సన్నని చేయి ముందుకు చాచినట్టుండే, ఎక్కువ సూదుల మిషన్ కావాలి. దాని టోపీ సెట్టులో మూడు భాగాలుంటాయి. మిషన్‌కు బిగించేది డ్రైవర్. టోపీని పట్టేది గుండ్రటి ఫ్రేము. ఫ్రేమును నిలబెట్టి టోపీ ఎక్కించుకోవడానికి బల్ల అంచుకు బిగించేది స్టాండు. ఫ్రేములు రెండుంటే ఒకటి కుడుతుండగా రెండోది సిద్ధం చేసుకోవచ్చు. చదును బల్ల ఉన్న ఇంటి మిషన్‌లో టోపీ గుండ్రంగా తిరగడానికి చోటుండదు. మెత్తటి టోపీని జిగురు పేపర్ మీద చదునుగా అంటించి చిన్న పేరు కుట్టవచ్చు, అంతకుమించి ఆశపడకండి.

ఎక్కించే పద్ధతి

స్టాండును కదలని బల్లకు బిగించి, ఫ్రేమును దాని మీదికి టక్కుమనేదాకా తోయండి. ఫ్రేముకున్న పళ్ల పట్టీని తెరిచి పక్కకు వదలండి.

టోపీ లోపల కూరిన అట్ట తీసేసి, వెనుక బిగింపు విప్పండి. లోపలి అంచున ఉండే చెమట పట్టీని చుట్టూ పూర్తిగా బయటికి తిప్పండి. నేను మొదట్లో ముందువైపు మాత్రమే తిప్పి వదిలేసేవాణ్ణి. పక్కల మిగిలిన పట్టీ మెల్లగా లోపలికి జారి సూది కిందికి చేరేది. కొత్త బక్రం వడియంలా బిరుసుగా ఉంటుంది కాబట్టి నడిమి కుట్టు వెంట బొటనవేళ్లతో నాలుగైదుసార్లు పిండితే ఫ్రేము వంపుకు లొంగుతుంది.

కుట్టాక చింపితే ఊడివచ్చే రకం పేపర్‌ను దాదాపు 10 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవుతో కత్తిరించి ఫ్రేము మీద పరవండి. బక్రం ఉంటే ఒక పొర చాలు, మెత్తటి టోపీకి రెండు వేయండి. పేపర్ మిగులుతుందని చిన్న ముక్కలు వేయవద్దు. అది రెండు పక్కలా ఫ్రేము బిగింపు కిందికి అందాలి.

ఇప్పుడు టోపీని తొడగండి. చెమట పట్టీ ఫ్రేము ముందున్న రేకు నాలుక కిందికి వెళ్లాలి. టోపీ నడిమి కుట్టు ఫ్రేము మధ్య గుర్తు మీదికి రావాలి. చాలామంది కింద ఒక్కచోటే చూసి సరిపోయిందనుకుంటారు. పైన బొత్తాం దాకా చూడండి, కుట్టు నిటారుగా ఉందా, ఒక పక్కకు వాలిందా అని. నా అక్షరాలు ఒరిగింది ఇక్కడే.

మధ్య కదలకుండా ఒక చేత్తో అదిమి, రెండో చేత్తో పళ్ల పట్టీని టోపీ మీదుగా తెచ్చి కొక్కెం వేయండి. పట్టీ పళ్లు చూరు, నుదురు కలిసే మడతలో సరిగ్గా కూర్చోవాలి. అవి నుదుటి మీదికి ఎక్కితే కింది వరస అక్షరాలకు చోటుండదు, చూరు మీదికి జారితే పట్టు ఉండదు. కొక్కెం గట్టిగా పడాలి గానీ మోకాలు అదిమిపెట్టి వేయాల్సి వస్తోందంటే పట్టీ మర ఒక చుట్టు వదులు చేయండి.

తర్వాత తల దువ్వినట్టు, మధ్య నుంచి రెండు పక్కలకు అరచేత్తో నిమురుతూ గుడ్డను వెనక్కి తీసి, వెనుక ఉన్న కడ్డీల దగ్గర బైండర్ క్లిప్పులు పెట్టండి. రెండు వైపులా ఒకే బలంతో తీయాలి. రోహిణి కార్తెలో ఈ పని చేస్తుంటే తెల్ల టోపీ మీద వేలిముద్రలు పడతాయి. పక్కనే పొడి తువ్వాలు ఉంచుకోండి.

చివరగా కుట్టు పడే చోట వేలితో నొక్కండి. గుడ్డకూ పేపర్‌కూ మధ్య గాలి ఉన్నట్టు అనిపిస్తే విప్పి మళ్లీ ఎక్కించండి. ఆ ఖాళీ ఉంటే సూది పైకి లేచినప్పుడల్లా గుడ్డ దానితో పాటు లేస్తుంది. దారం మెలిక సరిగ్గా పడక, కింద దాన్ని పట్టుకునే హుక్‌కు అందదు. కుట్లు తప్పడం, దారం మాటిమాటికీ తెగడం చాలావరకు ఇందువల్లే. రెండు నిమిషాలు పోతాయని వదిలేస్తే టోపీయే పోతుంది.

కుట్టే ముందు

గుంటూరు నుంచి వచ్చిన ఒక మిర్చి వ్యాపారి టోపీ మీద నిలువుగా, 8 సెంటీమీటర్ల మిరపకాయ కావాలన్నారు. బక్రం టోపీలో కూడా 5.5 సెంటీమీటర్లు దాటితే పైవంపు మొదలై సూది జారుతుంది. కాయను ఏటవాలుగా పడుకోబెడితే ఆయనకూ నచ్చింది, ఫ్రేముకూ సరిపోయింది. చూరు కుట్టు నుంచి కనీసం 12 మిల్లీమీటర్లు వదలండి. అక్షరాల ఎత్తు 5 మిల్లీమీటర్లకు తగ్గవద్దు. పంచింగ్ చేసేవారికి, అంటే బొమ్మను మిషన్ కుట్టే ఫైలుగా మార్చేవారికి, ఇది టోపీ డిజైన్ అని తప్పకుండా చెప్పండి. కుట్టు మధ్యలో మొదలై పక్కలకు, కింద మొదలై పైకి సాగాలి. జాకెట్టు డిజైన్‌లా ఎడమ నుంచి కుడికి కుట్టుకుపోతే గుడ్డ అల ముందుకు తోసుకొచ్చి చివరి అక్షరం దగ్గర ముడత పడుతుంది.

ఫ్రేమును డ్రైవర్ మీదికి తోసి అన్ని లాకులూ పడ్డాయో లేదో చూడండి. టోపీ నోరు మిషన్ వైపు, బొత్తాం మన వైపు ఉంటాయి కాబట్టి డిజైన్‌ను తలకిందులుగా తిప్పాలి. కొన్ని మిషన్లు టోపీ ఫ్రేమును ఎంచుకోగానే వాటంతటవే తిప్పుతాయి. మీది ఏ రకమో పాత టోపీ మీద కుట్టి తెలుసుకోండి. తెరమీద టోపీ ఫ్రేమును ఎంచుకోవడం మరిస్తే సూది ఇనుము మీద పడవచ్చు. ట్రేస్ వేసి, అంటే కుట్టకుండా డిజైన్ అంచుల వెంట ఒకసారి తిప్పి, సూది పట్టీకి ఎంత దూరంలో వెళ్తోందో కళ్లారా చూశాకే మొదలుపెట్టండి. వాడి మొన ఉన్న 75/11 సైజు సూది సరిపోతుంది, బక్రం మరీ గట్టిదైతే 80/12. వేగం నిమిషానికి 600 కుట్లు చాలు.

కుట్టు అయ్యాక క్లిప్పులు, పట్టీ తీసి టోపీని బయటికి తీయండి. అక్షరాలను వేళ్లతో అదిమి పట్టుకొని పేపర్ చింపండి, లేకపోతే కుట్లు లాగుకుపోతాయి. చెమట పట్టీని లోపలికి తిప్పి, చిన్న ముడతలుంటే లోపలి నుంచి ఆవిరి పట్టండి. ఇస్త్రీపెట్టె ఆనించవద్దు. ఆరాక ఒకదానిలో ఒకటి గిన్నెల్లా పేర్చి కవరులో పెట్టి ఇచ్చేయండి.