శుక్లం ఆపరేషన్ చివర కంట్లోకి యాంటీబయాటిక్: సిరంజి నింపేటప్పుడు జాగ్రత్తలు

శుక్లం తీసి లెన్స్ పెట్టాక కంటి ముందు గదిలోకి, అంటే కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) వెనకున్న చోటుకి, యాంటీబయాటిక్ ఎక్కించడం భయపడి మానేయాల్సిన పని కాదు. అరవింద్ కంటి ఆసుపత్రుల్లో జరిగిన 6 లక్షలకు పైగా ఆపరేషన్లపై 2017లో వచ్చిన లెక్క ప్రకారం, మాక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వేయనప్పుడు 0.07 శాతం ఉన్న ఎండాఫ్తాల్మైటిస్ (కంటి లోపలి ఇన్‌ఫెక్షన్), వేయడం మొదలయ్యాక 0.02 శాతానికి దిగింది. జాగ్రత్త పడాల్సింది ట్రాలీ మీద సిరంజి నింపే దగ్గర. ముందు గదిలో పట్టే ద్రవమే పావు మిల్లీలీటరు. కార్నియా లోపలి పొర కణాలు పోతే మళ్లీ పుట్టవు.

మాక్సిఫ్లాక్సాసిన్ 0.5 శాతం అంటే మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు, 0.1 మిల్లీలీటరులో 500 మైక్రోగ్రాములు వెళ్తుంది. కంటి లోపల వేయడానికే తయారైన, ప్రిజర్వేటివ్ లేని వయల్ మాత్రమే తీసుకోండి. చుక్కల మందు కూడా అదే 0.5 శాతం కదా అనుకోవద్దు. కొన్ని చుక్కల్లో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్, కొన్నింటిలో చిక్కదనం కోసం శాంథాన్ గమ్ ఉంటాయి. అవి లోపలికి పోతే కన్ను వాచిపోతుంది. ఒక వయల్ ఒక్క కంటికే. మిగిలిందని దాచి తర్వాతి పేషెంటుకు వాడితే, అందులో చేరిన క్రిమి ఆ రోజు లిస్టంతటికీ పాకుతుంది.

కొలతకు 1 మిల్లీలీటరు ట్యూబర్‌క్యులిన్ సిరంజి మేలు. ఇన్సులిన్ సిరంజి వాడే చోట్ల మూత రంగు చూడాలి. నారింజ మూత యూ-100లో (మిల్లీలీటరుకు 100 యూనిట్లు) 10 యూనిట్లంటే 0.1 మిల్లీలీటరు. ఎర్ర మూత యూ-40లో (మిల్లీలీటరుకు 40 యూనిట్లు) అదే 10 యూనిట్లు 0.25 మిల్లీలీటరు, అంటే రెండున్నర రెట్లు! అందులో 4 యూనిట్లే 0.1 మిల్లీలీటరు. కాన్యులా (మొన మొద్దుగా ఉండే సన్నని గొట్టం) తగిలించి, గాలి పోయి మందు చుక్క కనబడ్డాకే గీత సరిచూడండి.

పెన్సిలిన్ కుటుంబానికి దగ్గరైన మరో యాంటీబయాటిక్ సెఫ్యూరాక్సిమ్ మోతాదు 0.1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము. 750 మిల్లీగ్రాముల వయల్‌ను కలిపి వాడేటప్పుడు రెండు మెట్లుంటాయి: ముందు 7.5 మిల్లీలీటర్ల సెలైన్ కలపాలి, తర్వాత అందులోంచి 1 మిల్లీలీటరు తీసి 9 మిల్లీలీటర్ల సెలైన్‌లో వేయాలి. రెండో మెట్టు మర్చిపోతే పదింతల మందు లోపలికెళ్లి మాక్యులా (రెటీనా మధ్యలో స్పష్టమైన చూపునిచ్చే భాగం) ఉబ్బుతుంది. కలిపేవారు ఒకరు, పైకి చదివి సరిచూసేవారు మరొకరు ఉండాలి. పెన్సిలిన్‌కు తీవ్రమైన రియాక్షన్ వచ్చిందా అని ముందురోజే అడగండి.

జెంటామైసిన్, అమికాసిన్ ముందు గదిలోకి వద్దు. మాక్యులాకు రక్తం ఆగిపోయి చూపు శాశ్వతంగా పోవచ్చు. వాంకోమైసిన్‌ను ముందుజాగ్రత్తగా వేయడం కూడా ఆపాలి. దానివల్ల కొన్ని రోజుల తర్వాత, నొప్పి లేకుండానే, రెటీనా రక్తనాళాలు మూసుకుపోయిన కేసులున్నాయి. ట్రాలీ మీద లేబుల్ లేని సిరంజి ఏదైనా పారేయడమే.

విస్కోఎలాస్టిక్ (ఆపరేషన్‌లో కంటి లోపల నింపే జెల్) పూర్తిగా తీశాక మందు వేసి, గాయం కారుతోందేమో చూడండి. కారితే మందు బయటికి, క్రిములు లోపలికి. ఈ ఇంజెక్షన్ ఉంది కదా అని మొదట్లో కంట్లో 5 శాతం పోవిడోన్ అయోడిన్ వేసి 3 నిమిషాలు ఆగడం మానకూడదు.

మర్నాటికే పెద్దగా నొప్పి లేకుండా కార్నియా అంచు నుంచి అంచు దాకా మసకబారితే మందు విషప్రభావాన్ని అనుమానించాలి. రెండో రోజు నుంచి వారంలోపు నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం మొదలైతే ఇన్‌ఫెక్షన్ అనే లెక్క. రెండూ కలగాపులగంగా కూడా వస్తాయి కాబట్టి స్టెరాయిడ్ చుక్కలిచ్చి ఇంటికి పంపకుండా అదే రోజు రెటీనా డాక్టరుకు చూపించాలి. ఒకే రోజు ఇద్దరికి ఇలా జరిగితే మిగతా ఆపరేషన్లు ఆపి, ఆ బ్యాచ్ వయల్స్, సెలైన్ సీసాలు పారేయకుండా పరీక్షకు పంపండి.