ఒకే జుపిటర్ నోట్‌బుక్‌లో ముగ్గురు కలిసి పనిచేయాలంటే

2014 అక్టోబర్ 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను నాటి వర్షపాతం లెక్కలను ముగ్గురు విద్యార్థులు విశ్లేషిస్తున్నారని అనుకుందాం. ఒకరు గాజువాకలో, మరొకరు మధురవాడలో, ఇంకొకరు ఆంధ్ర విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉంటారు. కోడ్, దాని ఫలితాలు, వివరణ ఒకేచోట ఉండే జుపిటర్ నోట్‌బుక్ అనే ఫైలును ముగ్గురూ ఒకే సమయంలో తెరిచి రాయగలిగే ఏర్పాటు చేసుకోవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. అయితే రాత కలిసిపోవడం వేరు, లెక్క కలిసిరావడం వేరు. మొదటిదాన్ని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. రెండోదానికి మనుషుల మధ్య ఒప్పందం కావాలి.

ముందుగా ముగ్గురికీ అందుబాటులో ఉండే ఒక సర్వర్‌లో, అది కళాశాల యంత్రమైనా అద్దెకు తీసుకున్న క్లౌడ్ యంత్రమైనా, నోట్‌బుక్‌లను బ్రౌజర్‌లో తెరిచే జుపిటర్‌ల్యాబ్ 4ను, అదే పైథాన్ ఎన్విరాన్‌మెంట్‌లో కలిసి రాసే సౌకర్యాన్నిచ్చే జుపిటర్ కొలాబరేషన్ అనే ఎక్స్‌టెన్షన్‌ను పైథాన్ ప్యాకేజీలను తెచ్చే పిప్‌తో ఇన్‌స్టాల్ చేసి, సర్వర్‌ను ఒకసారి ఆపి తిరిగి ప్రారంభించాలి. జుపిటర్‌ల్యాబ్ 3.1లో ఈ సౌకర్యాన్ని ప్రారంభ కమాండ్‌లో ఒక ఆప్షన్‌గా ఇచ్చేవారు కాబట్టి, పాత పాఠాల్లోని ఆ పద్ధతిని ఇప్పుడు అనుసరించవద్దు.

సర్వర్ సాధారణంగా 8888 పోర్టులో, ఆ యంత్రం లోపలి నుంచి వచ్చే అభ్యర్థనలనే స్వీకరిస్తుంది. దానిని అలాగే ఉంచి, ప్రతి ఒక్కరూ ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ (దూరపు యంత్రానికి రహస్యలిపిలో సాగే సురక్షిత దారి) ద్వారా తమ ల్యాప్‌టాప్ పోర్టును సర్వర్ పోర్టుకు కలుపుకోవాలని నా గట్టి సలహా. నోట్‌బుక్ తెరవగలిగినవారు ఆ ఖాతా కింద ఏ కమాండ్‌నైనా నడపగలరు, ఏ ఫైలునైనా చదవగలరు, చెరిపేయగలరు. అందువల్ల టోకెన్‌తో, అంటే పాస్‌వర్డ్‌లా పనిచేసే అక్షరాల వరుసతో, కూడిన లింకును వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. ఈ పని కోసమే వేరొక ఖాతా సృష్టించి, అవసరమైన డేటాను మాత్రమే అందులో ఉంచాలి. లాగిన్ వ్యవస్థ లేకపోతే సర్వర్ ప్రతి ఒక్కరికీ గురుగ్రహపు ఉపగ్రహాల పేర్లతో, ‘అనానిమస్ థీబీ’ వంటి తాత్కాలిక నామాలు ఇస్తుంది. చూడటానికి ముచ్చటగానే ఉన్నా, ఎవరు ఏమి మార్చారో తెలియాలంటే అసలు పేర్లే ఉండాలి. తరగతి మొత్తానికి ఏర్పాటు చేసేవారికి, చాలామందికి లాగిన్‌తో నోట్‌బుక్ సర్వర్లు అందించే జుపిటర్‌హబ్ సరైన మార్గం. కానీ అందులో ఎవరి సర్వర్ వారికి విడిగా వస్తుంది కనుక, జట్టు కోసం ఒక ఉమ్మడి ఖాతాను సృష్టించి సభ్యులకు దానిలోకి ప్రవేశం కల్పించాలి.

ఇక ముగ్గురూ ఒకే ఫైలు తెరిస్తే ఒకరి కర్సర్ మరొకరికి పేరుతో సహా కనిపిస్తుంది. దీని వెనుక వైజేఎస్ అనే లైబ్రరీ పనిచేస్తుంది. ప్రతి మార్పుకూ ప్రత్యేకమైన గుర్తింపు ఉండటం వల్ల, మార్పులు ఏ వరుసలో చేరినా చివరికి అందరి తెరల మీదా ఒకే పాఠం మిగులుతుంది. ఫైలు దానంతటదే సేవ్ అవుతుంది.

అసలు జాగ్రత్త కెర్నల్, అంటే కోడ్‌ను నడిపి వేరియబుళ్లను గుర్తుంచుకునే ప్రోగ్రాం, విషయంలో అవసరం. పాఠం ఒక్కటే అయినట్లే, దాన్ని నడిపే కెర్నల్ కూడా ఒక్కటే, వేరియబుళ్లన్నీ ఉమ్మడివి. వర్షపాతాన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటర్లకు మార్చడానికి ఒకరు పట్టికలోని నిలువు వరుసను 10తో భాగించి అదే పేరుతో దాచారనుకోండి. ఆ సంగతి తెలియక మరొకరు అదే సెల్‌ను (నోట్‌బుక్‌లోని ఆ కోడ్ గడిని) మళ్లీ నడిపితే విలువలు ఇంకోసారి పదో వంతుకు పడిపోతాయి, ఏ ఎర్రర్ సందేశమూ రాదు. కాబట్టి మూల పట్టికను ఎవరూ ముట్టుకోకూడదు. ప్రతి మార్పునూ కొత్త పేరుతో, ప్రమాణాన్ని ఆ పేరులోనే చూపుతూ దాచాలి. తాత్కాలిక ప్రయత్నాల్లోని వేరియబుళ్లకు ఎవరి పేరు మొదటి అక్షరాలు వారు ముందు చేర్చుకోవాలి. కెర్నల్‌ను రీస్టార్ట్ చేసే ముందు మిగిలినవారికి చెప్పి తీరాలి, ఎందుకంటే వారి వేరియబుళ్లు కూడా పోతాయి. కెర్నల్ ఒకసారికి ఒక సెల్‌నే నడుపుతుంది. ఒకరి సుదీర్ఘమైన లెక్క పూర్తయ్యేదాకా మిగిలినవారి సెల్‌ల పక్కన నక్షత్రం గుర్తు నిలిచిపోతుంది. అటువంటి లెక్కను వేరే నోట్‌బుక్‌కు తరలిస్తే దానికి సొంత కెర్నల్ వస్తుంది. గూగుల్ వారి ఆన్‌లైన్ నోట్‌బుక్ సేవ కొలాబ్‌కు అలవాటుపడినవారు ఈ తేడాను ముఖ్యంగా గమనించాలి: అక్కడ నోట్‌బుక్‌ను పంచుకున్నా ఎవరి యంత్రం వారిదే, ఒకరి వేరియబుళ్లు మరొకరికి అందవు.

తుఫాను రోజుల్లో కరెంటు, నెట్ పోవడం విశాఖవాసులకు తెలియనిది కాదు. మీ కనెక్షన్ తెగినా సర్వర్‌లో లెక్క సాగుతూనే ఉంటుంది, కానీ దాని ఫలితం నోట్‌బుక్‌లో నమోదు కాకపోవచ్చు. ఎక్కువ సేపు పట్టే ప్రతి సెల్ చివరా ఫలితాన్ని సీఎస్‌వీ ఫైలులో రాయించడం మంచిది.

రోజు పని ముగిశాక ఒకరు బాధ్యత తీసుకుని కెర్నల్‌ను రీస్టార్ట్ చేసి, సెల్‌లన్నింటినీ పైనుంచి కిందికి నడిపి చూడాలి. ఏదైనా సెల్ ఆగిపోతే, అది ఇప్పుడు చెరిపేసిన మరో సెల్‌లోని వేరియబుల్ మీద ఆధారపడిందేమోనని మొదట చూడాలి. అన్నీ సరిగ్గా నడిచిన తరువాత, ఎన్‌బీస్ట్రిప్‌అవుట్ అనే సాధనంతో అవుట్‌పుట్‌లు తొలగించి, ఆ ఒక్కరే మార్పుల చరిత్రను దాచే గిట్‌లో కమిట్ (నమోదు) చేయాలి. నోట్‌బుక్ ఫైలు జేసన్ అనే పాఠ రూపంలో ఉంటుంది కనుక, అవుట్‌పుట్‌లు అందులోనే ఉంటే కోడ్‌లో జరిగిన మార్పు వాటి మధ్య కనిపించకుండా పోతుంది.