ఎరువు వేసినా తోట తేరుకోవడం లేదా? ముందు వేరు చూడండి

కొబ్బరి, ఆయిల్ పామ్, వక్క ఏదైనా సరే, మట్టలు పసుపెక్కగానే చెయ్యి ఎరువు బస్తా మీదికి పోతుంది. దయచేసి ఒక్క నిమిషం ఆగండి. పార తీసుకుని పాదు అంచున జానెడు లోతు మట్టి తీసి చూడండి. ఈ చెట్లకు తల్లివేరు ఉండదు. మొదలు నుంచి పుట్టే లావు వేర్లు చెట్టును నిలబెడతాయి. ఎరువును పీల్చేవి మాత్రం వాటి చివర్లలో ఉండే సన్నని పిల్లవేర్లు. ఆయిల్ పామ్‌లో లావు వేరు 6 నుంచి 10 మిల్లీమీటర్లుంటే, చివరి పిల్లవేరు 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్లే. ఆ పోగులు బాగుంటేనే వేసిన ఎరువు చెట్టుకు అందుతుంది.

ఎరువు వేసిన కొద్ది రోజులకే ఆకు కొనలు మాడుతున్నాయి

వేరు కొనను రెండు వేళ్ల మధ్య పట్టి లాగండి. పైతోలు ఒరలా ఊడొచ్చి లోపలి నార ఒక్కటే మిగిలితే ఆ వేరు చచ్చినట్టే. బతికున్న కొన తెల్లగా, గట్టిగా ఉంటుంది. యూరియా, పొటాష్ ఒకేచోట గుప్పగా పడితే అక్కడి నీటిలో లవణాలు చిక్కబడి, వేరులోని తేమనే బయటికి లాగేస్తాయి. యూరియా కుప్ప నుంచి వెలువడే అమ్మోనియా కూడా వేరును కాలుస్తుంది. లేత మొక్కల్లో ఈ దెబ్బ ఎక్కువ.

కరగని ఎరువు కనబడితే వెంటనే ఏరేయండి. నీరు నిలవని నేలైతే బాగా తడిపి, మిగిలిన ఉప్పును కిందికి దించండి. ఇకముందు అదే మోతాదును మూడు నాలుగు దఫాలుగా విడగొట్టి, నేల తడిగా ఉన్నప్పుడే వేయండి.

మొదలు దగ్గర వేర్లు గుబురుగా ఉన్నాయి, కాస్త దూరం జరిగితే ఏమీ లేవు

ఏటా మొదలు పక్కనే ఎరువు పోస్తే జరిగేది ఇదే. పోషకాలు ఎక్కడ దొరికితే పిల్లవేర్లు అక్కడే గుమిగూడతాయి. కాపుకొచ్చిన కొబ్బరికి మొదలు నుంచి 1.8 మీటర్ల దాకా పాదంతా చల్లి, పైపైన మట్టిలో కలపండి. లోతుగా తవ్వితే పిల్లవేర్లు తెగుతాయి. పెద్ద ఆయిల్ పామ్‌లో నరికిన మట్టలు పేర్చిన వరుసల మీద కూడా కొంత చల్లండి. ఆ మట్టల కింద తేమ, చల్లదనం ఉంటాయి కాబట్టి పిల్లవేర్లు బాగా అల్లుకుంటాయి. నాకు అన్నిటికన్నా నమ్మకమైన చోటు అదే. భాస్వరం నేలలో పెద్దగా కదలదు, దాన్ని వేర్లున్న చోటికే చేర్చాలి.

వేర్లు పొట్టిగా, మొద్దుగా ఉన్నాయి

అమ్మోనియం సల్ఫేట్, యూరియా ఏళ్ల తరబడి ఒకేచోట వేస్తే నేల పులుస్తుంది. ఉదజని సూచిక (pH, నేల పులుపును చెప్పే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 కంటే తగ్గితే నేలలోని అల్యూమినియం కరిగి వేరు కొనను ఎదగనివ్వదు. మట్టి పరీక్ష చేయించండి. అయితే పాదులోని మట్టిని, వరుసల మధ్య మట్టిని విడివిడిగా ఇవ్వాలి. రెండూ కలిపితే పాదులోని పులుపు బయటపడదు. ఫలితాన్ని బట్టి సున్నం గానీ డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉండే సున్నపురాయి పొడి) గానీ వేయండి. దాన్ని యూరియాతో కలిపి మాత్రం వేయొద్దు, నత్రజని అమ్మోనియాగా గాలిలో పోతుంది.

వేర్లు నల్లబడి కుళ్లు వాసన వస్తున్నాయి

నీరు నిలిచి వేరుకు గాలి ఆడటం లేదు. మురుగు కాలువ తీసేదాకా ఎరువు ఆపేయండి.

వేర్లు బాగానే ఉన్నాయి, అయినా కింది మట్టలు పసుపే

అప్పుడు పోషకాల సంగతి చూడాలి. ముదురాకుల మీద నారింజ రంగు మచ్చలుంటే పొటాష్ లోపం. ఎండ తగిలే ఆకులు పసుపెక్కి, నీడన ఉన్నవి పచ్చగా మిగిలితే మెగ్నీషియం లోపం. పొటాష్ మితిమీరినా ఇలా అవుతుంది, కాబట్టి మళ్లీ పొటాష్ వేస్తే నష్టం పెరుగుతుంది.

ఏం సరిచేసినా మాడిన పాత మట్ట తిరిగి పచ్చబడదు, దాన్ని చూసి కంగారుపడి ఇంకో బస్తా విప్పకండి. రెండు మూడు నెలలాగి, మొదట తవ్విన గుంట పక్కనే మళ్లీ తవ్వి తెల్లటి కొత్త కొనల కోసం వెతకండి.