"మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అని ఫోన్ వస్తే ఏం చెయ్యాలి, అప్పటికే లోపలికి రానిచ్చేస్తే ఏం చెయ్యాలి

"హలో, మేము మైక్రోసాఫ్ట్ టెక్నికల్ డిపార్ట్‌మెంట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ కంప్యూటర్ నుంచి మా సర్వర్‌కి ఎర్రర్లు వస్తున్నాయండీ". కాల్ ఇలా మొదలైతే అక్కడే పెట్టేయండి. సమాధానం కూడా చెప్పక్కర్లేదు. నిజానికి గైడ్ మొత్తం ఇంతే, కానీ ఎందుకు పెట్టేయాలో తెలియకపోతే రెండోసారి ఫోన్ వచ్చినప్పుడు "ఏమో, నిజమేనేమో" అని లోపల తొలుస్తూ ఉంటుంది, వాళ్ళు బతికేదే ఆ "ఏమో" మీద, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఒక సంగతి. వాడు చెప్పేదాంట్లో సగం నిజం ఉంటుంది. విండోస్‌లో ఏదైనా ప్రోగ్రాం క్రాష్ అయితే ఒక రిపోర్ట్ మైక్రోసాఫ్ట్‌కి వెళ్ళే మాట నిజమే. కాకపోతే అలాంటి రిపోర్టులు లెక్కలేనన్ని వెళ్తుంటాయి, వాటిని చూసి ఎవరో ఒకాయన మీ నంబర్ వెతికి పట్టుకుని ఫోన్ చెయ్యడమనేది ఉండదు. ఆపిల్ అయినా, గూగుల్ అయినా, మీకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ అయినా, మీరు కంప్లైంట్ పెట్టకుండా వాళ్ళంతట వాళ్ళు "వైరస్ తీసేస్తాం" అని ఫోన్ చెయ్యరు. కాబట్టి చూడాల్సింది ఎవరు మాట్లాడుతున్నారు, ఎంత మర్యాదగా మాట్లాడుతున్నారు అని కాదు, ముందు ఫోన్ చేసింది ఎవరు అని. స్క్రీన్ మీద కంపెనీ పేరు పడింది కదా అంటారా, ఆ పేరూ నంబరూ ఇంటర్నెట్ కాలింగ్‌తో ఏదైనా పడేలా చెయ్యొచ్చు, దానికి విలువ లేదు.

ఇక మనల్ని నమ్మించడానికి వాళ్ళు చూపించేవి. ఇవి ఒక్కసారి మీరే మీ కంప్యూటర్‌లో చేసి చూసుకుంటే చాలు, ఆ తర్వాత ఎవడు చెప్పినా నవ్వొస్తుంది.

విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ఈవెంట్ వ్యూయర్ తెరవమంటారు. తెరిస్తే ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు వరసగా వందలు. "చూశారా, ఇవన్నీ ఇన్ఫెక్షన్లే" అంటాడు. అవి ఇన్ఫెక్షన్లు కావు, కంప్యూటర్ తన పనుల గురించి తను రాసుకునే డైరీ. నిన్నగాక మొన్న కొన్న మెషీన్‌లో కూడా ఉంటాయి. అందులో 10016 అనే నంబర్‌తో ఒక హెచ్చరిక తరచుగా కనిపిస్తుంటుంది, అది పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్టే చెప్తుంది. తాడుని చూపించి పాము అనడమే ఈ ట్రిక్ అంతా.

తర్వాత నల్ల విండో, అదే కమాండ్ ప్రాంప్ట్. అందులో అసోక్ (assoc) అని కొట్టమంటారు, పెద్ద లిస్ట్ వచ్చి చివర్లో సీఎల్‌ఎస్‌ఐడీ అని ఒక పొడుగాటి నంబర్ కనిపిస్తుంది. వాడు ముందే "మీ కంప్యూటర్ లైసెన్స్ నంబర్ నేను చదువుతా, మీరు సరిచూసుకోండి" అని 888డీసీఏ60 అంటూ మొదలుపెట్టి గడగడా చదివేస్తాడు. అక్షరం పొల్లుపోకుండా కలుస్తుంది. చాలామంది గుండె జారిపోయేది ఇక్కడే, నా కంప్యూటర్ నంబర్ వీడికెలా తెలుసు అని. అది మీ నంబర్ కాదు, ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ అదే నంబర్ ఉంటుంది, వాడి ముందున్న మెషీన్‌లో కూడా అదే, దాన్ని చూసే చదువుతున్నాడు.

నెట్‌స్టాట్ (netstat) అనే కమాండ్ ఇంకో రకం. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచి ఉన్నా పదుల కొద్దీ కనెక్షన్లు చూపిస్తుంది, పైన "ఫారిన్ అడ్రస్" అని హెడ్డింగ్ ఉంటుంది. ఫారిన్ అంటే అవతలి వైపు అడ్రస్ అని అర్థం, మీరు తెరిచిన వెబ్‌సైట్ అది. వాడేమో విదేశీ హ్యాకర్లు మీ ఇంట్లో కూర్చున్నారని చెప్తాడు. ట్రీ అనే కమాండ్ అయితే ఫోల్డర్ల పేర్లని జలపాతంలా కిందకి దొర్లిస్తుంది, అంతే దాని పని, అది దొర్లుతుండగా వాడు కీబోర్డ్ మీద "వైరస్ దొరికింది" అని టైప్ చేసి పెడతాడు, దొర్లడం ఆగగానే ఆ ముక్క చివర్లో ప్రత్యక్షమవుతుంది. స్కాన్ చేస్తే బయటపడింది అనుకుంటాం. ఇంత చచ్చు ట్రిక్‌కి మనుషులు పడతారా అనిపిస్తుంది కానీ అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి ముఠాల మీద 2012 లోనే ఒకేసారి ఆరు కేసులు పెట్టింది, అప్పటి మాటలే ఇప్పటికీ వాడుతున్నారంటే పని చేస్తున్నాయనే కదా.

ఇదంతా అయ్యాక అసలు విషయానికొస్తాడు, దూరం నుంచే మీ కంప్యూటర్‌ని నడిపించడానికి పనికొచ్చే ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోమంటాడు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, అల్ట్రావ్యూయర్ ఇవేవీ దొంగ యాప్‌లు కావు, ఆఫీసుల్లో రోజూ వాడతారు. అందుకే యాంటీవైరస్ నోరెత్తకపోవచ్చు. స్క్రీన్ మీద కనిపించే నంబర్ చెప్పమంటాడు చూశారా, ఇంటి తాళం చేతికివ్వడం అంటే అదే.

ఫోన్ రాకుండా కూడా ఇదే మోసం జరుగుతుంది. ఏదో సైట్ చూస్తుంటే స్క్రీన్ మొత్తం నిండిపోయి, బీప్ బీప్ అని మోగుతూ, ఈ నంబర్‌కి వెంటనే ఫోన్ చెయ్యండి అని వస్తుంది. మైక్రోసాఫ్ట్ నిజంగా చూపించే ఎర్రర్ మెసేజ్‌ల్లో ఫోన్ నంబర్ ఉండదు, కాబట్టి నంబర్ కనిపించిందంటే అది దొంగది. అది కేవలం ఒక వెబ్ పేజీ. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి, ఫుల్ స్క్రీన్ పోతుంది, తర్వాత ట్యాబ్ మూసేయండి. పోకపోతే ఆల్ట్ ఎఫ్4, అదీ కాకపోతే కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ చెయ్యండి, మ్యాక్‌లో అయితే కమాండ్ ఆప్షన్ ఎస్కేప్. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు రిస్టోర్ చెయ్యమంటారా అంటే వద్దనండి. అలా కాకుండా స్క్రీన్ మూలలో మాటిమాటికీ వైరస్ అని చిన్న డబ్బాలు వస్తుంటే ఎప్పుడో ఏదో సైట్‌కి నోటిఫికేషన్ "అలౌ" నొక్కేసుంటారు, బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ సైట్‌ని తీసేస్తే సరి.

ఇంకోటి, ప్రింటర్ పని చెయ్యట్లేదని మీరే కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతుకుతారు, పైన యాడ్‌లో వచ్చిన నంబర్‌కి ఫోన్ చేస్తారు, అది దొంగల నంబర్. ఇక్కడ ముందు ఫోన్ చేసింది మీరే కాబట్టి అనుమానం కూడా రాదు, నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదం ఇదే. నంబర్ ఎప్పుడూ డబ్బా మీదో, బిల్లు మీదో, కార్డు వెనకో, లేదా సైట్ అడ్రస్ మీ చేత్తో టైప్ చేసి అక్కడో చూడండి.

మొబైల్‌లో కథ ఇంకా చిన్నది, స్క్రీన్ షేర్ చేయిస్తే చాలు, వచ్చిన ఓటీపీ వాడికీ కనిపిస్తుంది. లింక్ పంపి యాప్ వేసుకుని యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇవ్వమంటే అస్సలు వద్దు, ఆ పర్మిషన్‌తో వాడు మీ బదులు బటన్లు నొక్కగలడు. "నెట్‌వర్క్ బాగవుతుంది" అంటూ *21* తో మొదలయ్యే కోడ్ కొట్టమంటే అది కాల్ ఫార్వార్డింగ్, మీ కాల్స్ వాడికి పోతాయి. కొట్టేసుంటే ##002# కొట్టండి, జీఎస్ఎం నెట్‌వర్క్‌ల్లో ఫార్వార్డింగ్‌లన్నీ రద్దవుతాయి.

ఇప్పుడు అసలు పని. లోపలికి రానిచ్చేశారు, ఇప్పుడేం చెయ్యాలి?

మొదట నెట్ తెంపండి. వైఫై ఆఫ్ చెయ్యండి, కేబుల్ ఉంటే పీకేయండి, ఏది ఎక్కడుందో తెలియకపోతే రౌటర్ స్విచ్ కట్టేయండి. వాడితో వాదించకండి, "ఇప్పుడు ఆపితే కంప్యూటర్ పాడైపోతుంది" అని బెదిరిస్తాడు, ఆపేయండి. స్క్రీన్ నల్లగా అయిపోయి "అప్‌డేట్ జరుగుతోంది, ముట్టుకోవద్దు" అంటే, ఆ నలుపు వెనక వాడు మీ బ్యాంక్ సైట్‌లోనే ఉన్నాడనుకోండి.

రెండోది బ్యాంక్. కార్డు వెనకున్న నంబర్‌కి ఫోన్ చేసి "నా కంప్యూటర్‌కి వేరేవాళ్ళకి రిమోట్ యాక్సెస్ ఇచ్చాను, ఆన్‌లైన్ లావాదేవీలు ఆపండి" అని సూటిగా చెప్పండి, సిగ్గుపడి విషయం తిప్పి చెప్తే వాళ్ళకి అర్థమయ్యేలోపు టైమ్ పోతుంది. మొదటి కొన్ని గంటల్లో చెప్తే పంపిన డబ్బు ఆపే అవకాశం ఉంటుంది. గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చదివేసుంటే కార్డులూ రసీదూ పారేయకుండా ఆ కార్డు కంపెనీకి వెంటనే చెప్పండి, వాడింకా ఖర్చు పెట్టకపోతే కొన్నిసార్లు బ్లాక్ చేస్తారు. క్రిప్టోలో పంపితే మాత్రం తిరిగి రావడం చాలా కష్టం.

మూడోది పాస్‌వర్డులు, ఆ కంప్యూటర్ నుంచి కాదు, ఇంకో ఫోన్ నుంచో ఇంకో మెషీన్ నుంచో. ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే మిగతా వాటి రీసెట్ లింకులన్నీ అక్కడికే వస్తాయి. మార్చాక అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ కొట్టండి, మెయిల్ సెట్టింగ్స్‌లో తెలియని ఫార్వార్డింగ్ అడ్రస్ ఏమైనా పెట్టాడేమో చూడండి, ఇది చాలామంది మర్చిపోతారు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులన్నీ వాడు చూశాడనే అనుకుని ఒక్కొక్కటీ మార్చాలి, విసుగే, తప్పదు.

ఆ తర్వాతే కంప్యూటర్ సంగతి. రిమోట్ యాప్ తీసేస్తే సరిపోతుందనుకోకండి, మన అనుమతి అడక్కుండానే మళ్ళీ వచ్చేలా వాటిలో పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, ఇంకో రెండు యాప్‌లు పక్కన వేసి ఉండొచ్చు కూడా. ఫొటోలూ ఫైళ్ళూ బయటికి తీసుకుని విండోస్ మొత్తం మళ్ళీ వేయించుకోవడమే నా సలహా. అంతకంటే ముందే కాల్ వచ్చిన టైమ్, నంబర్, చాట్, రసీదులు ఫొటో తీసి దాచుకుని సైబర్ పోలీసులకి కంప్లైంట్ ఇవ్వండి.

మా పిన్ని విషయంలో జరిగింది చెప్తా. 40 నిమిషాలు లైన్‌లో పెట్టారు. చివర్లో "రీఫండ్ ఎక్కువ పడిపోయింది, తేడా తిరిగి పంపండి" అన్నారు, చూస్తే బ్యాంక్ పేజీలో నిజంగానే పెద్ద అంకె ఉంది. అసలు ఏ డబ్బూ రాలేదు, బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, దాంతో పేజీలో అంకెలు మన స్క్రీన్ మీద ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు, రీఫ్రెష్ కొడితే పోతుంది. ఆవిడ పంపేసింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, మేము తిడతామని. ఆ రెండు రోజులే మాకు నష్టం చేశాయి. అందుకే మీ ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పేటప్పుడు "ఎవరైనా ఫోన్ చేస్తే జాగ్రత్త" అని ఊరికే చెప్పకండి, "ఒకవేళ ఏమైనా అయితే ఎంత రాత్రయినా ముందు నాకు చెప్పు, ఏమీ అనను" అని చెప్పండి, చెప్పినట్టే ఏమీ అనకండి కూడా.

కొన్ని నెలలకి పిన్నికి ఇంకో ఫోన్, పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం, చిన్న ఫీజు కట్టాలి అని. ఒకసారి మోసపోయినవాళ్ళ నంబర్లు చేతులు మారుతుంటాయి కాబట్టి ఈ రెండో ఫోన్ వస్తుందనే అనుకుని ఉండండి. ఈసారి ఆవిడ వాడు వాక్యం పూర్తి చెయ్యకముందే పెట్టేసి, నాకు ఫోన్ చేసి, భయపడి రౌటర్ కూడా కట్టేశాను, మళ్ళీ వేసుకోవచ్చా అని అడిగింది.