పాత మస్టాంగ్‌కి కొత్త చక్రాలు – 3వ భాగం: బ్యాక్‌స్పేసింగ్

పోయిన వారం స్టడ్ల (చక్రాన్ని బిగించే బోల్టుల) మధ్య దూరం కొలవమని పని ఇచ్చాను, చేశారా? 1966 ఫోర్డ్ మస్టాంగ్ వీ8కి, అంటే ఎనిమిది సిలిండర్ల బండికి, అయిదు స్టడ్లు. పక్కపక్కనున్న రెండిటి మధ్య దూరం, నడిమి నుంచి నడిమికి, 67 మిల్లీమీటర్ల పైచిలుకు వచ్చుండాలి. దాన్ని 0.588తో భాగిస్తే 114.3, అదే మన పీసీడీ, అంటే స్టడ్లన్నిటి నడిమి గుండా గీసే వలయం అడ్డుకొలత. 108, 109 అలా వచ్చినవాళ్లు కంగారు పడకండి, మధ్యలో ఒక స్టడ్ వదిలేసి కొలిచారు, అంతే. చిన్న పొరపాటే కానీ జేబుకి చిల్లు పెడుతుంది, ఎందుకంటే 5×120 (అయిదు స్టడ్లు, 120 పీసీడీ) ఉండే బీఎండబ్ల్యూ రిమ్ముని ఇలాగే ఒకటి వదిలి ఒకటి కొలిస్తే సరిగ్గా 114 వస్తుంది, 'అబ్బ, దొరికేసింది' అనుకుని డబ్బులిచ్చేస్తాం. ఆరు సిలిండర్ల బండి ఉన్నవాళ్లకి నాలుగే స్టడ్లు, ఈరోజు లెక్క మీకూ పనికొస్తుంది గానీ రిమ్ములు మాత్రం వేరే వెతుక్కోవాలి.

ఇక అసలు సంగతి. పీసీడీ కుదిరితే రిమ్ము హబ్‌కి, అంటే బండి వైపు స్టడ్లు ఉండే భాగానికి, ఎక్కుతుంది, అంతవరకే. ఎక్కాక తిరుగుతుందా లేదా అనేది వేరే కథ, అది నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. డాలస్‌లో ఒకాయన 2008 మస్టాంగ్ చక్రాలు నాలుగూ చవగ్గా అమ్ముతుంటే, రెండూ ఫోర్డే, రెండూ మస్టాంగే, పీసీడీ అదే 114.3, ఆఖరికి నట్టు మర కూడా అదే అర అంగుళం మర, ఇంకేం కావాలి అని వేసుకొచ్చేశాను. రాత్రి పదింటికి గరాజ్‌లో జాకీ ఎత్తి ముందు చక్రం పెట్టి నట్లు బిగిస్తుంటే, సగం బిగిసేసరికి టైరు లోపలి అంచు వెళ్లి సస్పెన్షన్‌కి ఒత్తుకుంది. చేత్తో తిప్పితే కదల్లేదు. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి 'కొలవలేదా?' అంది. కొలవలేదు మరి.

ఏం జరిగిందో చూడండి. రిమ్ము వెనక అంచు నుంచి, హబ్‌కి ఆనుకునే ముఖం దాకా ఉండే లోతే బ్యాక్‌స్పేసింగ్. అది ఎంత ఎక్కువైతే చక్రం బండి లోపలికి అంత దూరిపోతుంది. ఆఫ్‌సెట్ కూడా ఇదే సంగతిని ఇంకోలా చెబుతుంది, రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యలో గీత గీస్తే హబ్ ముఖం ఆ గీతకి ఎంత బయటికి ఉందో అది ప్లస్, ఎంత లోపలికి ఉందో అది మైనస్. అమెరికాలో పాత బండ్ల రిమ్ములు అమ్మేవాళ్లు ఎక్కువగా బ్యాక్‌స్పేసింగే అంగుళాల్లో చెబుతారు, కొత్త బండ్లవాళ్లు ఆఫ్‌సెట్ మిల్లీమీటర్లలో. తికమకంతా అక్కడే.

లెక్క వేద్దాం. రిమ్ము '7 అంగుళాలు' అంటే అది టైరు కూర్చునే చోటు వెడల్పు. అంచులతో కలిపి కొలిస్తే దాదాపు 8. అందులో సగం 4. బ్యాక్‌స్పేసింగ్ 4.25 అయితే ఆఫ్‌సెట్ ప్లస్ పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్లు. మన తరం మస్టాంగ్‌కి 15×7 (అడ్డుకొలత 15, వెడల్పు 7 అంగుళాలు) రిమ్ములో చాలామంది వాడేది ఇదే. ఇప్పుడు నేను కొన్నవి: వెడల్పు 8, అంచులతో 9, సగం 4.5, ఆఫ్‌సెట్ ప్లస్ 45, అంటే 1.77 అంగుళాలు. రెండూ కలిపితే బ్యాక్‌స్పేసింగ్ 6.27! రెండు అంగుళాలు లోపలికి. స్పేసర్లు (హబ్‌కీ రిమ్ముకీ మధ్య పెట్టే దిమ్మలు) వేసి బయటికి నెట్టొచ్చు అంటారు, రెండు అంగుళాల స్పేసర్ల మీద నా పిల్లల్ని కూర్చోబెట్టుకుని హైవే ఎక్కను, మీ ఇష్టం.

మీ బండి కొలిచే పద్ధతి. ముందు పాత చక్రం విప్పి, దుప్పటి పరిచి ముఖం కిందికి పెట్టి బోర్లించండి. వెనక వైపు అడ్డంగా తిన్నటి కర్రబద్ద పెట్టి, అక్కణ్ణుంచి హబ్ ముఖానికి ఆనే చోటు దాకా టేపుతో కొలవండి. టైరు ఉంటే బద్ద టైరు పొట్ట మీద ఆగుతుంది, రిమ్ము అంచు మీద కాదు, కాబట్టి బద్ద నుంచి రిమ్ము అంచుకి ఎంతుందో చూసి తీసేయాలి. చాలామంది ఇది మర్చిపోయి అర అంగుళం ఎక్కువ రాసుకుంటారు.

తర్వాత చక్రం మళ్లీ ఎక్కించి, బండి బరువు నేల మీద ఉండగా, టైరు పొట్ట నుంచి లోపల ఏది ముందు తగిలేలా ఉందో దానికీ, బయట ఫెండర్ అంచుకీ ఖాళీ కొలవండి. ముందు చక్రాలకైతే స్టీరింగ్ పూర్తిగా ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి తిప్పి మరీ. పాత రిమ్ము 14×5, బ్యాక్‌స్పేసింగ్ 3.5, టైరు వెడల్పు 195 మిల్లీమీటర్లు అనుకోండి. దాని ఆఫ్‌సెట్ ప్లస్ అర అంగుళం. కొత్తది, అంటే పైన చెప్పిన 15×7, ప్లస్ పావు. అంటే టైరు మధ్య గీత 6 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. టైరు 215 చేస్తే రెండు వైపులా చెరో 10 పెరుగుతుంది. బయట 16 పోయింది, లోపల 4 పోయింది. ఇది అంచనా లెక్కే, ఎందుకంటే వెడల్పు రిమ్ము మీద టైరు పొట్ట కూడా కాస్త విచ్చుకుంటుంది. అందుకే అన్నీ పోగా ఎటు చూసినా కనీసం 8, 10 మిల్లీమీటర్లు మిగలాలి.

ముందు డిస్క్ బ్రేకులు పెట్టించుకున్నవాళ్లకి ఇంకో పని. సరిపోతుందో లేదో చూడ్డానికి అరువు తెచ్చిన రిమ్ము ఎక్కించే ముందు క్యాలిపర్ (డిస్క్‌ని పట్టి ఆపే భాగం) బయటి వైపు చిన్న చపాతీ పిండి ముద్ద అంటించండి. చక్రం మెల్లగా ఒక చుట్టు తిప్పి విప్పి చూస్తే, పిండి ఎంత మందం మిగిలిందో అంతే మీకున్న ఖాళీ.

వచ్చే భాగానికి: నాలుగు చక్రాలకీ విడివిడిగా లోపలి ఖాళీ, బయటి ఖాళీ, మొత్తం ఎనిమిది అంకెలు రాసి పెట్టుకోండి. ఎడమా కుడీ ఒకటే వస్తాయని ఒకవైపే కొలిచి ఊరుకోవద్దు, నా బండికి వెనక ఎడమ, కుడికి 7 మిల్లీమీటర్ల తేడా ఉంది. ఆ అంకెలు పట్టుకుని టైరు ఎత్తు, నట్ల సంగతి చూద్దాం.