వెనక కమాను దగ్గర కటకట: ఎక్కడిదో ఎలా పట్టుకోవాలి?

పార్వతీపురం నుంచి కొమరాడ, కూనేరు మీదుగా రాయగడ వచ్చే దారిలో బొలెరో తిప్పేవాళ్లకు వెనక నుంచి వచ్చే ఆ ‘కటక్’ కొత్త కాదు. అది వినగానే చాలామంది షాకబ్జర్లు మార్పించేస్తారు. నేనూ అదే చేశాను. రెండూ కొత్తవి వేయించి గ్యారేజీ దాటానో లేదో, మొదటి గుంతలోనే పాత చప్పుడు వినిపించింది. చివరికి తేలిందేమిటంటే, కమాను (ఇనుప పట్టీలు పేర్చిన స్ప్రింగు) చివరను ఛాసిస్‌కి, అంటే బండి చట్రానికి కలిపే షాకిల్‌లో రబ్బరు బుష్ (బోల్ట్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు) అరిగిపోయింది. అందుకే చెబుతున్నాను, చప్పుడు ఎప్పుడు వస్తోందో తేలేదాకా ఒక్క సామానూ కొనకండి.

ముందు బండి ఖాళీ చేయండి. జాకీ, పానాలు దించేయండి. స్టెప్నీ నట్లు, వెనక తలుపు గొళ్లెం బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. ఇంజన్ చల్లారాక సైలెన్సర్ పైపు పట్టుకుని ఊపండి. దాన్ని వేలాడదీసే రబ్బరు తెగితే పైపు ఛాసిస్‌కి కొట్టుకుంటుంది.

ఇప్పుడు తెలిసిన గతుకు ఒకటి చూసుకుని, అద్దాలు దించి, గంటకు 15-20 కిలోమీటర్ల వేగంతో దాటండి. వెనక సీట్లో ఒకరు కూర్చుని చప్పుడు ఎడమా కుడా చెప్పాలి.

చిన్న చిన్న గతుకుల మీద టకటకమంటే మొదట షాకబ్జర్ బుష్‌లు, షాకిల్ బుష్‌లు చూడాలి. లోడుతో పెద్ద గుంతలో ‘ధడ్’మంటే హౌసింగ్ (వెనక ఇరుసు తొడుగు) పైకి వచ్చి బంప్ స్టాప్‌కి, అంటే ఛాసిస్ కింది రబ్బరు దిమ్మకి తగులుతోందన్నమాట. కమాను వాలి ఉండొచ్చు, పట్టీ విరిగి ఉండొచ్చు, లేదా సంత సరుకు మరీ ఎక్కువై ఉండొచ్చు. గతుకే లేకుండా, క్లచ్ వదలగానే ఒక్క ‘టక్’ వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసును తిప్పే పొడవాటి రాడ్డు) చివర ఉండే క్రాస్ కీలు చూపించండి. అదీ బాగుంటే కమానును హౌసింగ్‌కి బిగించి ఉంచే యూ-బోల్ట్‌లు వదులైనట్టు అనుమానించాలి. బ్రేకు వేసినప్పుడు కూడా చప్పుడొచ్చి, బండి ఒక పక్కకు లాగితే కమాను పట్టీల మధ్యలో గుచ్చి ఉండే సెంటర్ బోల్ట్ తెగి హౌసింగ్ జరిగిందేమో చూడాలి. అది తేలేదాకా ఆ బండిని సాలూరు-కొరాపుట్ ఘాట్ ఎక్కించొద్దు.

తర్వాత కింద చూడాలి. సమంగా ఉన్న నేల మీద ఆపి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టండి. బండి ఎత్తాల్సి వస్తే ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాకే దూరండి. ఒక్క జాకీని నమ్ముకుని ఎప్పుడూ కిందికి దూరొద్దు.

చాలామంది చూసేముందే నీళ్లు కొట్టించేస్తారు. దాంతో ఆనవాళ్లు పోతాయి. వదులైన బోల్ట్ చుట్టూ తుప్పు పొడి చేరుతుంది. మన ఎర్ర దుమ్ములో ఆ పొడి కలిసిపోతుంది కాబట్టి రంగును నమ్మకండి, మెరుపు కోసం చూడండి. చుట్టూ మట్టి పట్టి, ఒక్కచోట మాత్రం ఇనుము అద్దంలా మెరుస్తుంటే అక్కడ రాపిడి ఉన్నట్టే. షాకబ్జర్ ఒంటి మీద తడి నూనె కారి ఉంటే దాని పని అయిపోయినట్టే.

ఒకరిని వెనక బంపర్ మీద ఎక్కించి ఊపమనండి. మీరు చక్రం పక్కన బయటే కూర్చుని, నలిగే సందులో వేలు పెట్టకుండా షాకబ్జర్ చివర చెయ్యి ఆనించండి. వదులుంటే చెవికంటే ముందు చేతికే తెలుస్తుంది. షాకిల్ దగ్గర సన్నటి ఇనుప రాడ్డుతో మెల్లగా నెట్టి చూడండి. ఖాళీ బండికి రెండు వైపులా చక్రం నడిమి నుంచి మడ్‌గార్డ్ అంచుదాకా టేపుతో కొలవండి. ఒక వైపు బాగా తగ్గితే అటు పట్టీలు ఒక్కొక్కటే పరిశీలించండి.

ఇక బాగు చేయించడం. మేస్త్రీ ఒడియా అయినా తెలుగైనా బుష్, సెంటర్ బోల్ట్ అంటే ఇద్దరికీ అర్థమవుతుంది. కాబట్టి ఈ మాట మొహమాటపడకుండా చెప్పండి: రబ్బరు బుష్ బోల్ట్‌ని చివరిగా బిగించేది బండి బరువు చక్రాల మీద పడ్డాకే. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. విరిగిన పట్టీకి వెల్డింగ్ వద్దు, ఆ వేడికి ఉక్కు పదును పోతుంది. షాకబ్జర్లు మార్చాల్సి వస్తే జతగా మార్చండి. యూ-బోల్ట్‌లు బిగించాక ఒక లోడు ట్రిప్పు తిరిగొచ్చి మళ్లీ బిగువు చూపించండి.

పని అయ్యాక అదే గతుకు మీద, అదే వేగంతో, అదే మనిషిని వెనక కూర్చోబెట్టి నడపండి. డబ్బులు ఆ తర్వాత ఇవ్వండి.